వీడియో క్రీడల రూపకల్పన: భారతీయ సృజనకు కొత్త క్షేత్రం

(జంషెడ్‌పూర్ నగరం బర్మామైన్స్‌లోని తెలుగు విద్యార్థులను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

టాటానగర్ రైల్వే స్టేషన్‌కు చేరువలో, ఉక్కు కర్మాగారం అంచున ఉన్న బర్మామైన్స్‌లో ఒక తెలుగు బాలుడు రోజుకు ఎన్ని భాషల మధ్య తిరుగుతాడో లెక్కిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఇంట్లో అమ్మమ్మతో ఉత్తరాంధ్ర యాసలో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, ఇరుగుపొరుగులతో బెంగాలీ, ఒడియా, సంతకు వెళితే చెవిన పడే హో, సంతాలీ మాటలు. ఉక్కు పరిశ్రమ దేశం నలుమూలల నుండి కార్మికులను రప్పించి ఒకచోట నిలిపిన కారణంగా ఏర్పడిన సంపద ఇది. అయితే సాయంకాలం ఆ బాలుడు ఫోను తెర ముందు కూర్చొని ఆట మొదలుపెట్టగానే ఈ సంపద అంతా తలుపు బయటే నిలిచిపోతుంది. తెరపై కనిపించే కోటలు, వీరులు, వీధులు, వంటలు సాధారణంగా మరొక దేశంలో, మరొకరి ఊహలో రూపొందినవి.

ఇది విదేశీ వస్తువును నిరసించడానికి చెబుతున్న మాట కాదు. మంచి కళ ఏ దేశానిదైనా స్వీకరింపదగినదే. కాని కోట్లాది భారతీయ బాలబాలికలు ఆడే ఆటలలో వారి భాషకు, బతుకుకు చోటు లేకపోవడం ఆలోచింపవలసిన విషయం. వీడియో క్రీడ నేడు కేవలం కాలక్షేపం కాదు. కథ, చిత్రలేఖనం, సంగీతం, గణితం, నాటకం కలిసి పనిచేసే ఒక కొత్త కళారూపం. ఆ కళారూపంలో సాహసోపేతమైన రూపకల్పన అంటే ఏమిటి? అది ఎక్కడ నుండి పుడుతుంది? దానికి మనవారు అందించగలిగినది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగ లక్ష్యం.

ఆట అంటే నియమాలలో దాగిన భావం

క్రీడా రూపకల్పన మన నేలకు కొత్త విద్య కాదు. వైకుంఠపాళిని గమనించండి. పటంపై నిచ్చెనలు సద్గుణాలకు, పాములు దుర్గుణాలకు ప్రతీకలు. మెట్టు మెట్టుగా పైకి ఎక్కినవాడు కూడా పరమపదం కనుచూపు మేరలో ఉండగా పెద్ద పాము నోట పడి అడుగుకు జారవచ్చు. ఉపన్యాసం అవసరం లేకుండా, గవ్వలు వేస్తున్న పిల్లవాడికి గర్వభంగం అంటే ఏమిటో ఆ ఒక్క నియమమే నేర్పుతుంది. ఇదే పటం ఇంగ్లండుకు చేరి పాములు-నిచ్చెనల ఆటగా ప్రపంచమంతటా వ్యాపించింది. పచ్చీసు నుండి వచ్చిన లూడోకు 1896లో ఇంగ్లండులో పేటెంటు లభించింది.

పులి-మేక ఆట మరింత విశిష్టమైనది. చదరంగంలో ఇరుపక్షాల బలగం సమానం. పులి-మేకలో అలా కాదు. సాధారణంగా 3 పులులు ఒకవైపు, 15 మేకలు మరొకవైపు ఉంటాయి. పులికి దూకి చంపే శక్తి ఉన్నది. మేకకు ఆ శక్తి లేదు. మేకల బలం కలిసి నిలబడి పులికి దారి మూసివేయడంలోనే ఉన్నది. ఇరుపక్షాలకు వేర్వేరు బలాలు, వేర్వేరు లక్ష్యాలు ఇచ్చి, అయినా ఆటను సమతూకంలో నిలపడం నేటి రూపకర్తలకు సైతం కఠిన పరీక్ష. ఆ పరీక్షలో మన పల్లెటూరి అరుగు మీద సుద్దముక్కతో గీసిన పటం ఏనాడో నెగ్గింది.

ఈ రెండు ఉదాహరణల నుండి ఒక సూత్రం గ్రహించవచ్చు. ఆటలోని అసలు భావం బొమ్మలలో ఉండదు, నియమాలలో ఉంటుంది. కొత్త నియమం కొత్త ప్రశ్నను వేస్తుంది. ఆ ప్రశ్నకు ఆడేవాడు తన చేతులతో సమాధానం చెప్పుకుంటాడు. ఇతర కళలలో ప్రేక్షకుడు చూస్తాడు, పాఠకుడు చదువుతాడు. ఈ కళలో ఆటగాడు నిర్ణయిస్తాడు. నిర్ణయం తీసుకున్నవాడు ఫలితానికి బాధ్యుడు కూడా అవుతాడు. వీడియో క్రీడకు గల ప్రత్యేక బలం ఇదే.

విస్తారం వేరు, ఔన్నత్యం వేరు

1972లో అమెరికాలో అటారీ సంస్థ విడుదల చేసిన 'పాంగ్'లో ఉన్నవి రెండు గీతలు, ఒక చుక్క మాత్రమే. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిట్నోవ్ రూపొందించిన 'టెట్రిస్'లో నాలుగేసి చదరాలతో ఏర్పడిన ఏడు ఆకారాలు తప్ప మరేమీ లేవు. అయినా అది సరిహద్దులు దాటి లోకమంతటా వ్యాపించింది. దానిని ఆడడానికి ఏ భాషా అక్కరలేదు.

అదే 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులు డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ 'ఎలీట్' అనే ఆటను వెలువరించారు. అది నడిచిన బీబీసీ మైక్రో కంప్యూటరు జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేటి ఫోనులో ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో వారు 8 నక్షత్ర మండలాలను, ఒక్కొక్కదానిలో 256 గ్రహ వ్యవస్థలను ఇమిడ్చారు. గ్రహాల వివరాలను దాచిపెట్టే బదులు, ఒక చిన్న బీజ సంఖ్య నుండి గణిత సూత్రంతో అప్పటికప్పుడు పుట్టించే ఉపాయాన్ని అనుసరించారు. సాధనాల కొరత వారి సాహసానికి అడ్డు కాలేదు. పైగా ఆ కొరతే కొత్త పద్ధతికి దారి తీసింది.

ఈ పద్ధతికే పరాకాష్ఠ 2016లో ఇంగ్లండులోని హలో గేమ్స్ అనే చిన్న సంస్థ విడుదల చేసిన 'నో మ్యాన్స్ స్కై'. అందులోని గ్రహాల సంఖ్య, రెండును 64 సార్లు వేసి హెచ్చించగా వచ్చేంత. చదరంగం గడులలో మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు అంటూ రెట్టింపు చేసుకుంటూ ధాన్యం కోరి రాజును చకితుణ్ణి చేసిన పండితుని కథ మనకు తెలిసినదే. ఆ గింజల మొత్తం ఈ సంఖ్యకు ఒకటి మాత్రమే తక్కువ. ఇంత విస్తారమైన విశ్వం కూడా విడుదలైన తొలినాళ్లలో ఆటగాళ్లను నిరాశపరచింది. లోకాలు అనేకం; చేయవలసిన పని స్వల్పం. తరువాతి సంవత్సరాలలో రూపకర్తలు ఉచితంగా చేర్పులు చేస్తూ ఆటను మెరుగుపరచి మన్నన పొందారు. విస్తారం దానంతట అదే ఔన్నత్యం కాదన్న పాఠం మాత్రం మిగిలిపోయింది.

దీనికి భిన్నంగా 2012లో వెలువడిన 'జర్నీ'ని చూడండి. షాంఘైలో పుట్టిన జెనోవా చెన్ నాయకత్వంలో అమెరికాలోని చిన్న బృందం దానిని రూపొందించింది. ఎడారి గుండా దూరపు కొండ వైపు ప్రయాణం, అదే కథ. మార్గమధ్యంలో ప్రపంచంలో ఎక్కడి నుండో ఆడుతున్న మరొక బాటసారి ఎదురవుతాడు. అతని పేరు తెలియదు, దేశం తెలియదు, మాట్లాడే వీలు లేదు. ఒక చిన్న స్వరం పలికించి పిలవడం మాత్రమే సాధ్యం. ఇద్దరూ దగ్గరగా నడిస్తే ఒకరి శక్తి మరొకరికి అందుతుంది. ఒకరినొకరు దెబ్బతీయడానికి నియమాలే అవకాశం ఇవ్వవు. ప్రయాణం ముగిసిన తరువాత గాని తోడు నడిచినవారి పేర్లు తెరపై కనిపించవు. సమైక్యత అనే పదం ఎక్కడా వినిపించని ఈ ఆట, అపరిచితుని పట్ల ఆత్మీయతను అనుభవంలోకి తెస్తుంది.

చిన్న జాతుల భాషకు, కథకు ఈ కళ ఎలా ఆసరా కాగలదో 2014లో వచ్చిన 'నెవర్ అలోన్' చూపింది. అలాస్కాలోని ఇన్యూపియాట్ ఆదివాసుల కథ అది. ఆ జాతి పెద్దలు, కథకులు రూపకల్పనలో పాలుపంచుకున్నారు. కథనం వారి భాషలోనే సాగుతుంది. నూనా అనే బాలిక, ఆమె తోడు తెల్లనక్క ఒకరికొకరు సాయపడితేనే మంచు తుఫానును దాటగలరు.

అదే సంవత్సరం పోలండు సంస్థ ఒకటి 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆటను వెలువరించింది. యుద్ధపు ఆటలన్నీ సైనికుని చేతికి తుపాకి ఇస్తుండగా, ఇది ముట్టడిలో చిక్కిన నగరంలోని సామాన్యుల ఆకలిని, చలిని, అపరాధ భావాన్ని ఆటగాని ముందుంచింది. 1990లలో సరయేవో నగరం అనుభవించిన ముట్టడి దీనికి ప్రేరణ. 2020లో పోలండు ప్రభుత్వం ఈ ఆటను ఉన్నత పాఠశాల విద్యార్థుల పఠన జాబితాలో చేర్చింది. గ్రంథాలయంలో పుస్తకం సరసన ఒక వీడియో క్రీడకు స్థానం లభించడం గమనార్హం.

మనవారి ప్రయత్నాలు

భారతదేశంలో ఈ పరిశ్రమ తొలుత ఇతరుల ఆటలకు బొమ్మలు, భాగాలు తయారుచేసి ఇచ్చే పనితోనే ఎక్కువగా పెరిగింది. 1997లో బెంగుళూరులో నెలకొన్న ధ్రువ ఇంటరాక్టివ్ ఈ మార్గంలో తొలి అడుగులు వేసిన సంస్థలలో ఒకటి. ఆ పని వలన నైపుణ్యం, ఉపాధి లభించాయన్నది నిర్వివాదాంశం. కాని మరొకరు గీసిన ఇంటికి ఇటుకలు పేర్చడం వేరు. తన ఇంటికి తానే నమూనా గీసుకోవడం వేరు.

రెండవ దారిలో నడిచినవారిలో హైదరాబాదువారికి చోటు ఉన్నది. 2009లో హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ రూపొందించిన 'హనుమాన్: బాయ్ వారియర్' ప్లేస్టేషన్-2 యంత్రం కోసం పూర్తిగా భారతదేశంలో తయారైన తొలి ఆటగా పేరు పొందింది. దానికి విమర్శలూ తప్పలేదు. ఆరాధ్య దైవాన్ని ఆటగాని వేళ్ల కదలికకు లోబడే బొమ్మగా మార్చడం తగునా అని కొందరు ప్రశ్నించారు. మన హరికథకులు, బొమ్మలాటవారు తరతరాలుగా దేవుళ్లను పాత్రలుగా నడిపిస్తూనే ఉన్నారు. కాని వారు ఆ చనువును, భక్తిని కలిపి నిలిపే మర్యాద ఎరిగినవారు. పురాణ పురుషుని పేరు పెట్టినంత మాత్రాన ఆట భారతీయం కాదనీ, ఆ కథలోని భావం నియమాలలోకి దిగవలసి ఉన్నదనీ ఈ వివాదం నేర్పుతుంది.

2017లో హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' అనే ఆటను విడుదల చేసింది. జైనుద్దీన్ ఫహద్ నాయకత్వంలో ఒక చిన్న బృందం చేసిన కృషి ఇది. ఇందులో ఆటగాడు దేవతల పక్షాన కాక అసురుని పక్షాన నిలిచి పోరాడతాడు. ప్రతిసారీ కోటల అమరిక మారుతుంది. నేర్చుకోగల విద్యల క్రమం సైతం మారుతుంది. నిన్నటి మార్గం నేడు పనికిరాదు. పాత కథను ఎదుటి పక్షం కళ్లతో చూడడం తెలుగు సాహిత్యానికి, రంగస్థలానికి పరిచయమైన సాహసమే. దానిని నియమాలుగా మలచడంలో ఈ బృందం కొత్తదనం చూపింది.

2020లో పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 'రాజీ' అనే ఆటతో అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2017లో ప్రజల నుండి విరాళాల రూపంలో నిధులు సేకరించాలన్న ఆ సంస్థ ప్రయత్నం ఫలించలేదు. అయినా బృందం పట్టు వదలలేదు. సర్కసులో పనిచేసే రాజీ అనే బాలిక, అసురులు అపహరించిన తమ్ముణ్ణి వెదుకుతూ సాగించే ప్రయాణం ఇందులోని కథ. రాజస్థానపు కోటలు, పహాడీ చిత్రాల రంగులు ఇందులో కనిపిస్తాయి. కథాఘట్టాలు కొన్నింటిని తోలుబొమ్మల నీడలాట పద్ధతిలో చూపడం మరింత విశేషం. 2020 సంవత్సరపు గేమ్ అవార్డులలో ఉత్తమ తొలి క్రీడ విభాగంలో ఇది నామినేషన్ పొందింది. నీడల బొమ్మలాట పేరు వింటే శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గుర్తుకు రాక మానదు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావును భారత ప్రభుత్వం 2020లోనే పద్మశ్రీతో గౌరవించింది. మేకతోలు బొమ్మ వెనుక దీపం పెట్టి కథ నడిపిన కళకు, వెలిగే తెరపై కథ నడిపే కళకు మధ్య చుట్టరికం అంత దూరమైనది కాదు.

బర్మామైన్స్ తెలుగు కుటుంబాల హృదయానికి మిక్కిలి దగ్గరగా వచ్చే ఆట మాత్రం తమిళ ప్రవాసులది. 2023లో కెనడాలోని టొరంటో నుండి వెలువడిన 'వెన్బా'లో 1980లలో అక్కడికి వలస వెళ్లిన ఒక తమిళ కుటుంబం కనిపిస్తుంది. తల్లి వద్ద ఆమె అమ్మ రాసి ఇచ్చిన వంటల పుస్తకం ఉన్నది. పుటలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయాయి. చెరిగిన భాగాలను ఊహించి ఇడ్లీ వంటి వంటకాలను సరిగా చేయడమే ఆటగాని పని. కుమారుడు పెరిగేకొద్దీ తమిళానికి దూరమవుతాడు. చెరిగిన అక్షరాన్ని పూరించడం అనే చిన్న నియమంలో, రెండు తరాల మధ్య చెరిగిపోతున్న భాషను పూరించే బాధ్యతను రూపకర్తలు ఇమిడ్చారు. 2024లో ఈ ఆటకు ఉత్తమ తొలి క్రీడగా బ్రిటిష్ అకాడమీ పురస్కారం లభించింది. గుళ్లు కూల్చే రాక్షసులు లేరు, పేలే బాంబులు లేవు. ఒక వంటగది, ఒక తల్లి, ఒక భాష ఉన్నాయి. అవి చాలాయి.

అడ్డంకులు, బాధ్యతలు

తెలుగులో ఆటలు రాకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఒకటి ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడితే చాలు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు అక్షరానికి పైన, క్రింద, పక్కన చేరి ఆకారాన్నే మార్చివేస్తాయి. ఆటలను నిర్మించే కొన్ని సాధనాలు ఈ కూర్పును సరిగా చూపలేక 'స్త్రీ' వంటి పదాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి చూపుతూ వచ్చాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన 'గోడో' అనే సాధనపు నాలుగవ రూపం 2023లో వెలువడినపుడు ఇటువంటి సంక్లిష్ట లిపుల కూర్పుకు అందులో ఏర్పాటు జరిగింది. ఒక తలుపు తెరుచుకున్నది; ప్రవేశించవలసినవారు ప్రవేశించాలి.

ప్రభుత్వం సైతం ఈ రంగాన్ని గుర్తించింది. యానిమేషన్, దృశ్య ప్రభావాలు, క్రీడలు, కామిక్స్ రంగాల అభివృద్ధికై 2022లో కేంద్రం ఒక కార్యదళాన్ని నియమించింది. 2024 సెప్టెంబరులో ముంబయిలో జాతీయ శిక్షణ కేంద్రం స్థాపనకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెంగా ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, విద్యకు, వినోదానికి ఉద్దేశించిన ఆటలను ప్రోత్సహించవలసినవిగా వేరుచేసింది. జూదానికి, క్రీడకు మధ్య ఈ గీత అవసరమైనదే. జూదంలో ధర్మరాజు పోగొట్టుకొన్నదేమిటో మన పిల్లలందరికీ తెలుసు.

మరొక హెచ్చరిక కూడా విస్మరింపరాదు. ఆటపై అదుపు కోల్పోయి చదువు, నిద్ర, బంధుత్వాలు చెడగొట్టుకొనే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఒక రుగ్మతగా పేర్కొన్నది. ఆటగాణ్ణి విడిచిపోనీయకుండా కట్టిపడవేయడమే ధ్యేయంగా గల రూపకల్పన సాహసం కాదు, వ్యాపారపు వల. 'జర్నీ' ఆట రెండు మూడు గంటలలో ముగిసిపోతుంది. ముగియడం తెలిసిన ఆటే మనసులో మిగులుతుంది.

బర్మామైన్స్ నుండి ఒక ఆట

ఇక మిగిలినది ప్రధాన ప్రశ్న. కోట్ల రూపాయల పెట్టుబడి లేని విద్యార్థి ఏమి చేయగలడు? ఒక ఊహ చూద్దాం. శ్రీకాకుళం ప్రాంతం నుండి అప్పుడే రైలు దిగి, తెలుగు తప్ప మరో భాష రాని ఒక బాలిక ఉక్కునగరపు కార్మిక వాడలో అడుగుపెడుతుంది. ఆమె సంచిలో ఆయుధాలు లేవు, మాటలే ఉన్నాయి. సంతాలీ అవ్వ నేర్పిన ఒక మాట చెట్టు పేరు చెబుతుంది. బెంగాలీ దుకాణదారు నేర్పిన మాట ఒక వీధిని తెరుస్తుంది. ఒడియా పొరుగింటి పండుగ పాట మరొక దారి చూపుతుంది. కొత్త మాట నేర్చిన కొద్దీ నగరం విశాలమవుతుంది. కాని ఒక నియమం ఉన్నది. రాత్రి ఇంటికి వచ్చి అమ్మమ్మతో తెలుగులో మాట్లాడకుండా గడిపిన ప్రతి రోజూ సంచి నుండి ఒక తెలుగు మాట రాలిపోతుంది. చివరకు అమ్మమ్మ చెప్పే కథ అర్థం కావాలంటే ఆ మాటలన్నీ కావాలి. కొత్తది నేర్వడమా, పాతది నిలుపుకోవడమా అన్న ద్వంద్వం ఇందులో లేదు. రెండింటినీ నిలబెట్టే నేర్పే విజయం.

ఇటువంటి ఆటకు ముడిసరుకు ఈ ప్రాంతంలో పుష్కలంగా ఉన్నది. ఖర్కాయి నదికి ఆవల సరాయికెళా-ఖర్సావాన్ జిల్లా ఉన్నది. ఆ గడ్డపై పుట్టిన ఛౌ నృత్యంలో నర్తకుని ముఖాన్ని ముసుగు కప్పివేస్తుంది. కనుబొమలు, పెదవులు పలికించవలసిన భావాన్ని దేహమంతా పలికించాలి. 2010లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మాట లేకుండా భావం చెప్పడం 'జర్నీ' రూపకర్తలు ఎంతో శ్రమించి సాధించినది. ఇక్కడివారికి అది ఇంటి పక్క విద్య. ఛౌ కళాకారుని వద్ద అడుగును, నిమ్మలకుంట కళాకారుని వద్ద నీడను అడిగి నేర్చుకొని, ఇద్దరి పేర్లూ గౌరవంతో చెప్పుకొనే ఆట జార్ఖండ్‌కు, ఆంధ్రకు కూడా సొంతమవుతుంది.

మొదలుపెట్టడానికి కంప్యూటరు కూడా అవసరం లేదు. అనుభవజ్ఞులైన రూపకర్తలు అనేకులు తొలి నమూనాను కాగితంపైనే పరీక్షిస్తారు. ఒక అట్టముక్క, కొన్ని చింతగింజలు, నలుగురు స్నేహితులు చాలు. పాఠశాల, కళాశాల గ్రంథాలయాలు వారానికొక సాయంకాలం ఇందుకు కేటాయించవచ్చు. ఒక వారం పులి-మేక ఆడి, ఒక్క నియమం మార్చి మళ్లీ ఆడి, ఏమి మారిందో రాసుకోవడం మొదటి పాఠం. ఇంటిలోని పెద్దల నుండి వలస వచ్చిన నాటి కథను విని, అందులో వారు ఎదుర్కొన్న ఒక క్లిష్ట నిర్ణయాన్ని గుర్తించి, దానిని నియమంగా మార్చడం రెండవ పాఠం. తరువాత 'స్క్రాచ్', 'గోడో' వంటి ఉచిత సాధనాల సహాయంతో దానిని తెరపైకి ఎక్కించవచ్చు.

బర్మామైన్స్‌లోని తెలుగు ఇండ్లలో ఈ సాయంకాలం కూడా ఏదో ఒక అమ్మమ్మ కథ చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది. వినే చెవికి ఆ మాటలు ఇంకా అర్థమవుతున్న కాలం ఇది. ఆ కథను ముందుగా వినడం, ఆపై ఆటగా మలచడం నేటి విద్యార్థుల చేతిలో ఉన్న పని. అమ్మమ్మ గొంతు వినిపించే రోజులలోనే అది మొదలు కావాలి.